నీళ్ల రోజు

మా ఇంటి కింద ఒక దర్జీ కొట్టు ఉంది. అతను పొద్దున్నే వచ్చి, గుడ్డ పెట్టకముందే మిషనుకు నూనె వేసి, చక్రాన్ని చేత్తో ఊరికే తిప్పుతాడు, నూనె మూలమూలకూ పట్టాలని. గుడ్డ లేని మిషను చప్పుడు వేరుగా ఉంటుంది. ఎక్కడా ఆగకుండా ఒకే వేగంతో గిర్రుమంటూ సాగుతుంది. అది చెవిన పడగానే నా నోరు దానంతటదే లెక్క మొదలుపెడుతుంది, ఒకటి, రెండు, మూడు అని. చేతిలో కాఫీ గ్లాసు ఉంటే కింద పెట్టేస్తాను. అరికాళ్లు నేలను వెతుక్కుంటాయి. డెబ్బై తొమ్మిదేళ్లు వచ్చాయి, ఇంకా ఆ చప్పుడంటే నాకు భయమే. ఎందుకని అడిగితే చిట్టెలుకల సంగతి చెప్పాలి, మా బాపు సంగతి చెప్పాలి, అన్నిటికన్నా ముందు దానియేలు సార్ సంగతి చెప్పాలి. సార్‌ను ఎరిగినవాళ్లలో ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగల్లేదేమో.

నయాపూల్ దగ్గర ఒక చిన్న కాలేజీలో సార్ మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. యాభైల చివరి సంవత్సరాలవి. పొట్టి మనిషి, నడిస్తే చెప్పులు టపటపలాడేవి. వాళ్ల నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడని, ఆదివారం చర్చిలో కీర్తనలు ఆయనే ఎత్తుకుంటాడని గర్వంగా చెప్పుకునేవారు. సార్ కోటు జేబులో సుద్దముక్కలకన్నా గోధుమ గింజలే ఎక్కువగా ఉండేవి. పాఠం మధ్యలో రుమాలు తీస్తే గింజలు జలజలా రాలేవి, వెనక బెంచీవాళ్లు కిచకిచమనేవాళ్లు. ఆయనకు కోపం వచ్చేది కాదు. హుస్సేనీ ఆలంలో నవాబుల కాలం నాటి ఒక పాత దేవిడీ బంగళా వెనక రెండు గదులు అద్దెకు తీసుకుని అక్కడ చిట్టెలుకలు పెంచేవారు. కాలేజీలో అందరికీ ఆయన ఎలుకల సారే. నేను కూడా అలాగే అన్నదాన్నే, ఇప్పుడు దాచుకుని ఏం లాభం?

ఒకరోజు నా రికార్డు పుస్తకం చేతిలో పట్టుకుని నా బల్ల దగ్గర ఆగారు.

"కప్ప గుండె బొమ్మ నువ్వే గీసినవా శారదా?"

"అవును సార్."

"గీత ఎక్కడ వణకలే. వాచీ పట్టేతందుకు ఇసొంటి చెయ్యే కావాలె నాకు. రేపటి సంది దేవిడికి రా."

నా చెయ్యి వణకదని ఒక మనిషి చెప్పడం అదే మొదటిసారి. ఆ మాట కోసం నేను ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నానని ఆయనకు తెలియదు. మా ఇల్లు కూడా హుస్సేనీ ఆలంలోనే, దేవిడీకి రెండు గల్లీల అవతల. అమ్మ మాత్రం, "చదువుకోమని పంపితే ఎలుకల కొట్టంల పనికి కుదిరినవా?" అని రెండురోజులు మొహం ముడుచుకుంది.

దేవిడీ గది తలుపు తీస్తే తవుడు వాసన, దాని వెనకే ఎలుకల ఘాటు, దాని మీద స్పిరిట్ వాసన. గోడల వెంబడి చెక్క పెట్టెలు, జాలీ మూతలు. మూడు కుటుంబాలు ఉండేవి: తెల్లవి, నల్లవి, గోధుమ రంగువి. గది మధ్యలో రెండు కొయ్యల మీద గుండ్రటి కర్ర అడ్డంగా బిగించి, పట్టు దొరకడానికి దాని చుట్టూ సుతిలి తాడు చుట్టి ఉంది. కర్రకు పక్కన ఒక పాత చేతి కుట్టుమిషను, రెండింటికీ కలిపి తోలు పట్టీ. యాదయ్య చక్రం తిప్పితే కర్ర నెమ్మదిగా తిరిగేది. యాదయ్య అంటే ఎలుకలకు మేత వేసి, పెట్టెలు కడిగి, సిరంజిలు నింపే మనిషి. నడివయసు దాటినవాడు, మాట తక్కువ. తిరిగే కర్ర మీద ఎలుకను పెడితే అది పడకుండా ఉండడానికి అడుగులు వేస్తూనే ఉండాలి. పడితే కింద దూది పరిచిన తట్ట ఉంది, దెబ్బ తగలదు. ఎన్ని సెకన్లు నిలిచిందో చూసి రాయడమే నా పని.

"ఒక్కొక్క రంగు ఒక్కొక్క ఇల్లు అనుకో" అన్నారు సార్ మొదటిరోజు. "ఇరవై తరాల సంది ఆ ఇంటి పిల్లలకు ఆ ఇంటి పిల్లలతోనే జత కట్టినరు. అందుకే ఒక్కదాన్ని చూస్తే ఇల్లంత చూసినట్టు. ఇప్పుడు బరువును బట్టి అన్నిటికి ఒక్క తీరుగనే సారా ఎక్కిస్త. నువ్వు కాళ్లు చూడు."

నల్లది వంద లెక్కపెట్టినా కర్ర మీద తిన్నగా నడుస్తూనే ఉంది. తెల్లది యాభై దాటాక జారింది. గోధుమరంగుది పదిహేను దగ్గరే పడింది. దూదిలో లేవబోయి, వెనక కాళ్లు రెండూ ఎడంగా చాపి, తల ఊపుకుంటూ, రెండడుగులు వేసి పక్కకు ఒరిగింది. చేతిలో వాచీ ఆపడం మరిచిపోయాను. ఆ నడక నాకు తెలుసు. రోజూ మా ఇంట్లో గోడ పట్టుకుని వంటింటి నుంచి అరుగు దాకా వచ్చే నడక అది.

"సీసల ఉన్నది అందరికి ఒక్కటే" అంటున్నారు సార్ సంతోషంగా. "కాళ్లల్ల ఉన్నదే వేరే. అది పుట్టుకతోని వస్తది. తల్లి నుంచి, తండ్రి నుంచి."

ఆ మాట వినడానికే వచ్చినట్టు, వినకుండా పారిపోవాలన్నట్టు, అక్కడే నిలబడిపోయాను.

మా బాపు అర్చకుడు. మా వీధి గుడిలో తాతల కాలం నుంచి మా ఇంటివాళ్లదే సేవ. నాకు పన్నెండేళ్ల వయసులో ఒకరోజు సాయంత్రం హారతి ఇస్తుండగా బాపు తూలారు. పళ్లెం చేజారింది, కర్పూరం మంటతో సహా ముందు వరసలో కూర్చున్నవాళ్ల తివాచీ మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ధర్మకర్త దగ్గరికి వచ్చి, బాపు మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూశాడు. గర్భగుడి వాకిట్లో, అంతమంది ముందు. లవంగాల వాసన వచ్చింది. "వాసన రాకుండ లవంగాలు నములుతున్నవా పంతులూ?" అన్నాడు. అంతకు ముందు నుంచే జనం గుసగుసలాడుకునేవారు, నడక తేడాగా ఉందని, మాట ముద్దగా ఉందని, గుడికీ ఇంటికీ మధ్య కల్లు కాంపౌండు ఉంది కదా అని. మా తాత కూడా చివరి రోజుల్లో అలాగే తూలేవాడట. ఇంక రుజువు ఏం కావాలి? తాగుబోతుల వంశం అన్నారు. వారం తిరిగేసరికి గుడి తాళాలు ఇంకొకరి చేతిలోకి వెళ్లాయి.

బాపు తాగలేదనే చెప్పారు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. అమ్మ ఏమీ అనేది కాదు, కానీ రోజూ ఉతకబోయే ముందు ఆయన ఉత్తరీయాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. నేను కూడా చూసేదాన్ని. ఏడేళ్లలో ఒక్కసారి కూడా కల్లు వాసన తగల్లేదు. అయినా నేను మా బాపును నమ్మలేదు, గల్లీని నమ్మాను. ఎంత బాగా దాస్తున్నాడో అనుకున్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం అదే. నా భయం బాపు గురించి కూడా కాదు, నా గురించి. ఆ నెత్తురే నాలోనూ ఉంది కదా, ఏదో ఒకరోజు నా కాళ్లు కూడా నన్ను ఆ కాంపౌండు వైపు లాక్కుపోతాయి కదా అని. పెళ్లిళ్లలో పానకం ఇస్తే కూడా ముందు వాసన చూసేదాన్ని.

కొన్ని వారాలు గడిచాక ధైర్యం చేసి అడిగాను. "సార్, తాగుడు కూడా పుట్టుకతోనే వస్తుందా?"

సార్ పెట్టె మూత వేసి నా వైపు తిరిగారు. ఎందుకు అడిగావని అడగలేదు. "మా అన్న ఉండె" అన్నారు. "అరసీస తాగి గీత గీసినట్టు తిన్నగ నడిచేటోడు. దోస్తులంత మస్తు మెచ్చుకుందురు. నిలవడుతున్న గద, నాకేం గాదు అనుకుంట ఇంక తాగె, ఇంక తాగె. నలభై నిండలే, కడుపు ఉబ్బి పోయిండు. నేను రెండు చెంచాలకే గోడ పట్టుకుంట. అందుకే ముట్ట. అందుకే బతికిన." నల్లవాటి పెట్టె మీద చెయ్యి వేసి, "వచ్చేది తాగుడు కాదు శారదా. తాగితే ఏమైతదో అది వస్తది. నల్లదాన్ని చూసి అందరు శభాష్ అంటరు. నాకైతే దాన్ని చూస్తేనే భయం" అన్నారు.

ఆ మాటతో భయం తగ్గాల్సింది. తగ్గలేదు. ఇంటికి వెళ్లే దారిలో, నేను నల్లదాన్నా గోధుమదాన్నా అని ఆలోచిస్తూ కల్లు కాంపౌండు దగ్గర రోడ్డు దాటి అవతలి పక్కన నడిచాను.

సార్ పని పద్ధతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నిలిచి ఉంది. ఆరోజు ఎలుకలకు ఎక్కించేది సారానా, ఉత్త నీళ్లా అన్నది సార్ చీటీల మీద రాసి మడిచి యాదయ్యకు ఇచ్చేవారు. వాచీ పట్టిన నాకు ఆ సంగతి తెలియకూడదు, తెలిస్తే నా కన్ను నన్నే మోసం చేస్తుందని ఆయన అనేవారు. మధ్యమధ్య నీళ్ల రోజు ఉండేది. ఆరోజు అన్నిటికీ నీళ్లే. సూది గుచ్చడం, కర్ర ఎక్కించడం, లెక్కపెట్టడం, అంతా మామూలే. నీళ్ల రోజున ఏ ఎలుకా పడేది కాదు. వంద, నూటయాభై, రెండువందలు లెక్కపెట్టి నా నోరు ఎండిపోయేది. పడని ఎలుకల కోసం పూట పూటంతా పోవడం నాకు దండగ అనిపించింది. వేరే ఊళ్లో శాస్త్రవేత్తల సభ ఉందని, సార్ అక్కడ తన పని గురించి చదవాలని పిలుపు వచ్చింది. వ్యవధి ఏడాది పైనే ఉన్నా, మిగిలిన పనికి అది చాలదు. "నీళ్ల రోజులు మానేద్దాం సార్, ఫలితం తెలిసిందే కదా" అన్నది నేనే. సార్ తల గోక్కుని, సరే అన్నారు. ఏడాది దాటింది అలా.

సభకు పది రోజులు ఉందనగా ఒకరోజు పొద్దున చీటీలు ఎప్పటిలాగే వచ్చాయి. నల్లవి నడిచాయి. తెల్లవి కూడా రెండువందల దాకా నడిచాయి. గోధుమవి ఇరవై, పద్దెనిమిది, ఇరవై రెండు దగ్గర దబదబా పడ్డాయి. పుస్తకంలో అంకెలు రాశాక సార్ చీటీలు విప్పి చూపించారు. అన్నిటి మీదా ఒకే మాట ఉంది, నీళ్లు. సభకు వెళ్లేముందు ఒక్క నీళ్ల రోజు చూసుకుందామని సార్‌కు మనసులో పడిందట, నాకు చెప్పలేదు.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "యాదయ్య సీసాలు మార్చాడు సార్" అన్నాను. యాదయ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి. రోజూ సాయంత్రం కాంపౌండు దగ్గర కనబడతాడని నాకు తెలుసు. "పొద్దున్నే తాగి వచ్చినట్టున్నాడు."

యాదయ్య చేతిలో సిరంజి అలాగే ఉండిపోయింది. "నేను తాగుత అమ్మా, లేదన" అన్నాడు. "గని పొద్దుగూకినంకనే. ఈ గదిల ఎన్నడు తాగి అడుగువెట్టలే. సీస మార్చలే."

"మరి ఎలుకలు పడ్డాయి కదా!" అని గట్టిగా అరిచాను.

సార్ నా వైపు చూశారు. కోపంగా కాదు. ఎక్కడో ఏదో తెగినట్టు చూశారు. "పడ్డయని తాగినయంటవా?" అన్నారు మెల్లగా. "పడుడు చూసినవు. తాగుడు చూసినవా?"

సార్ వెళ్లి గోధుమవాటి పెట్టె తెరిచి, ఆరోజు సూది కూడా తగలని ఎలుకలను తన చేత్తోనే ఒక్కొక్కటే తీసి కర్ర మీద పెట్టారు. "తిప్పు యాదయ్యా." యాదయ్య తిప్పాడు, బుగ్గల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, వేగం తప్పకుండా తిప్పాడు. నేను లెక్కపెట్టాను. పిల్ల ఎలుకలు నిలిచాయి. వయసు వచ్చినవి ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. దూదిలో వెనక కాళ్లు ఎడంగా చాపి, తల ఊపుకుంటూ లేచాయి. సారా లేదు, నీళ్లు కూడా లేవు. గూట్లో ముడుచుకుని పడుకున్నప్పుడు బాగున్నట్టే కనబడే ఎలుకలవి. కర్ర ఎక్కిస్తే గానీ బయటపడని జబ్బు ఏదో ఆ ఇంట్లోకి చొరబడింది, జత కట్టిన ప్రతిసారీ పిల్లలకు చేరింది. మేము ఎక్కించినప్పుడల్లా సారా పోసే ఎక్కించాం కాబట్టి పడినప్పుడల్లా సారా వల్లే అనుకున్నాం.

సార్ తవుడు బస్తా మీద కూలబడ్డారు. ఏళ్ల తరబడి చేసిన పనిలో మూడోవంతు ఆ పొద్దున కొట్టుకుపోయింది. నీళ్ల రోజులు మానమన్నది నేనేనని ఆయన గుర్తు చేయలేదు. దూదిలోని ఒక ఎలుకను అరచేతిలోకి తీసుకుని, "పాపం ఇవి" అన్నారు. "ఏడాది సంది వీటిని తాగుబోతులంటున్న శారదా. ఇవి బీమారితోని ఉన్నయి."

యాదయ్యకు క్షమాపణ కూడా చెప్పకుండా, పుస్తకం అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తాను. బాపు అరుగు మీద కూర్చుని పంచాంగం చూస్తున్నారు. పేజీ తిప్పడానికి వేలు చాపితే వేలు పేజీ దాటిపోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది, మళ్లీ దాటింది. ఇదంతా రోజూ నా కళ్ల ముందే ఉంది. నేను వాసన చూశాను గానీ, వేలు చూడలేదు. స్తంభం పట్టుకుని ఏడ్చాను. బాపు కంగారుపడి, "ఎవరన్న ఏమన్న అన్నరా తల్లీ?" అని అడిగారు. ఎవరూ ఏమీ అనలేదు, అన్నది నేనే.

మర్నాడు పొద్దున సార్ మా ఇంటికి వచ్చారు, నేనే రమ్మని బతిమాలితే. మా అరుగంతా షాబాద్ బండలు. రెండు బండల మధ్య గీత తిన్నగా పోతుంది. సార్ చెప్పులు వాకిట్లో విడిచి, పుస్తకం తెరిచి, "పంతులుగారూ, పొద్దటి సంది ఏం పుచ్చుకున్నరు?" అని మర్యాదగా అడిగారు. ఆ ప్రశ్న ఏడేళ్లుగా ఎవరు అడిగినా వెక్కిరింపుగానే అడిగారు. బాపు మొహం కందిపోయింది. సార్ కలం పట్టుకుని నిజంగానే జవాబు కోసం ఎదురుచూస్తున్నారని తెలిశాక, "నీళ్లు" అన్నారు. సార్ రాయబోతుంటే, "నీళ్లంటే తీర్థం. తీర్థమనే రాయండ్రి" అన్నారు. సార్ కొట్టేసి తీర్థమనే రాశారు.

"ఆ గీత మీద మడమకు వేళ్లు తగిలేటట్టు నడువుండ్రి." బాపు నడిచారు. రెండో బండ దగ్గర తూలి గోడ పట్టుకున్నారు. వేలితో ముక్కు ముట్టుకోమంటే చెంప ముట్టుకున్నారు. సార్ అన్నీ రాసుకుని, "ఒక్కరోజు చూసి చెప్పొద్దు. రేపు మళ్ల చూద్దాం" అని వెళ్లిపోయారు. మూడు రోజులు వచ్చారు. మూడు రోజులూ అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. మూడోరోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "లవంగాలు పంటి నొప్పికేనా?" అంది.

"ఏడేండ్ల సంది అదే చెప్తున్న గదనే" అన్నారు బాపు.

అమ్మ అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది. పెద్దాసుపత్రిలో సార్‌కు తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్తే, చిన్నమెదడు జబ్బు, వంశంలో నడిచేది, మందు లేదు అన్నారు. ఆ సాయంత్రం మా అరుగు మీద బాపు మొహం చాలా ఏళ్ల తర్వాత తేటగా కనిపించింది. "తాగలేదని ఒక్కరన్న రాసినరు" అని సార్ చేతులు పట్టుకున్నారు. తర్వాత ఏదో లెక్క కట్టుకున్నట్టు ఆగారు. "మా నాయనకు ఇట్లనే ఉండె. నాకొచ్చింది. నా బిడ్డకు?"

సార్ నా వైపు చూశారు. అబద్ధం చెబుతారేమోనని ఆశపడ్డాను, చెప్పకూడదని కూడా కోరుకున్నాను. ఆయనకు అబద్ధం చేతకాదు. "సగం సగం పంతులుగారూ. రావచ్చు, రాకపోవచ్చు. నడివయసు దాక తెల్వదు."

బాపు సార్ చేతులు వదిలేశారు. "తాగుబోతునైతేనే నయముండె" అన్నారు. "తాగుడైతే బిడ్డ మానుకోవచ్చు."

అంతవరకు నేను భయం అనుకున్నది భయమే కాదని ఆ మాట విన్నాక తెలిసింది. కల్లు కాంపౌండు అయితే రోడ్డు దాటి అవతలి పక్కన నడవొచ్చు. నా ఒంట్లోనే ఉన్నదానికి ఏ పక్కన నడవాలి?

సార్ ఆసుపత్రి కాగితం జతచేసి ధర్మకర్తకు ఉత్తరం రాశారు. ఆయన చదివి, పాపమే అన్నాడు గానీ గుడిలో కొత్త అర్చకుడు కుదురుకున్నాడు, ఏమీ మారలేదు. సభలో సార్ తెల్లవీ నల్లవీ మాత్రమే చూపించి, గోధుమవాటి విషయంలో తను పొరపడ్డానని అందరి ముందూ చెప్పారట. కొందరు నవ్వారట. తిరిగి వచ్చి ఆ సంగతి మాకు చెబుతూ ఆయనా నవ్వారు. యాదయ్యకు నేను చెయ్యి జోడించి తప్పయిందని చెబితే, "ఫికర్ జేయకు అమ్మా, నన్ను అందరు గట్లనే అంటరు" అన్నాడు. తిట్టినా బాగుండేది. నీళ్ల రోజు మళ్లీ మొదలైంది. ఆ గది మూసేదాకా ఎప్పుడూ మానలేదు.

సంబంధాలు వచ్చినప్పుడు నేను వద్దన్నాను. బళ్లో టీచరు ఉద్యోగం ఉంది కదా అని సాకు చెప్పాను. సార్‌కు మాత్రం అసలు సంగతి తెలుసు. ఒకసారి దేవిడీలో, "సగమంటే పడే సగమే ఎందుకు లెక్కవెడ్తున్నవు శారదా? నిలవడేది కూడ సగమే గద" అన్నారు. మంచి మాటే. నేను వినలేదు. నా పిల్లలు గీత మీద నడుస్తూ తూలితే చూడలేననుకున్నాను. నలభై వచ్చింది, నలభై అయిదు, యాభై. యాభై రెండేళ్లప్పుడు ఒక డాక్టరు నన్ను నడిపించి, ముక్కు ముట్టించి, మీకు ఇక రాదమ్మా అన్నాడు. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. సంతోషించాల్సిన రోజే. నిలబడే సగం నాదేనట. దానితో ఇప్పుడు ఏం చేయాలో తెలియలేదు. చెబుదామంటే సార్ అప్పటికే పోయారు.

సార్ పుస్తకంలో బాపు నడక రాసిన కాగితాన్ని బాపు అడిగి తీసుకున్నారు. పోయేదాకా పంచాంగంలో పెట్టుకుని, ఎవరైనా కొత్తవాళ్లు వస్తే తీసి చూపించేవారు. పేరు, వయసు, ఎన్ని అడుగులు, ఇచ్చినది: తీర్థం. ఎలుకల లెక్కకు గీసిన గళ్లలోనే రాసి ఉంటుంది. ఇప్పుడది నా దగ్గర ఉంది. ఇరవయ్యో ఏట మొదలుపెట్టిన అలవాటు నాకూ ఒకటుంది. పొద్దున లేచి ఒక్క గ్లాసు నీళ్లు తాగి, కాఫీకి ముందు గచ్చు మీది గీత వెంట నడిచి, ఎన్ని అడుగులో అవే గళ్లు గీసుకున్న పుస్తకంలో రాసుకుంటాను. రాదని డాక్టరు చెప్పాక కూడా మానలేదు. రోడ్డు మీద ఎవరైనా తూలుతుంటే పక్కవాళ్లు నవ్వినా నేను నవ్వలేను. దగ్గరికి వెళ్లి, కూర్చోండి, నీళ్లు తాగుతారా అని అడుగుతాను. కొందరు నిజంగానే తాగి ఉంటారు, తిట్టి పంపిస్తారు. పర్వాలేదు.

ఈరోజు పొద్దున దర్జీ చక్రం తిప్పుతుండగా గీత మీద నడిచాను. ఏడో అడుగు దగ్గర పాదం పక్కకు పడింది. గోడ పట్టుకున్నాను. వయసే కావచ్చు, ఈ వయసులో ఎవరి పాదం పక్కకు పడదు? అయినా పన్నెండేళ్ల పిల్లలా బాపు కోసం చూశాను. తర్వాత కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచి రాశాను. శారద, డెబ్బై తొమ్మిది, అడుగులు ఏడు, ఇచ్చినది: నీళ్లు. కింద చప్పుడు ఆగింది, గుడ్డ పెట్టినట్టున్నాడు. ఒక్కరోజు చూసి చెప్పకూడదు. రేపు మళ్లీ నడుస్తాను.